ఆ కాగితం తెలుగులో ఎందుకివ్వరు?

సంపాదకుడు గారికి నమస్కారం.

నిరుడు మా ఆవిడకు థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక హైదరాబాద్‌లోని ఒక ఆస్పత్రిలో రేడియో అయోడిన్, అంటే రేడియేషన్ వెలువరించే అయోడిన్ మందు, ఇచ్చారు. సీసం డబ్బాలోంచి తీసిన చిన్న బిళ్ల. అది మింగించి తలుపు వేసేశారు. భోజనం గుమ్మం దగ్గర పెట్టి వెళ్లేవారు. మూడో రోజు మీటరుతో చూసి ‘ఇక వెళ్లొచ్చు’ అన్నారు. చేతిలో రెండు పేజీల కాగితం పెట్టారు. అంతా ఇంగ్లిషే. నేను డిగ్రీ చదివినవాణ్నే, కానీ ఆ టెన్షన్‌లో దాన్ని ఫైల్లో దోపి ఎంజీబీఎస్‌కు ఆటో ఎక్కించాను.

ఖమ్మం బస్సులో ఆమె పక్క సీటు ఒక గర్భిణిది. ఏడో నెలట. ఇద్దరూ కబుర్లలో పడ్డారు, మా ఆవిడ బత్తాయి ఒలిస్తే చెరి సగం తిన్నారు. ఇంటికి రాగానే రెండేళ్ల మనవడు పరుగున వచ్చి నానమ్మ ఒళ్లో ఎక్కాడు. రాత్రి ఫైలు సర్దుతూ కాగితం చదివితే, గర్భిణులకూ చిన్నపిల్లలకూ కొన్నాళ్లు ఎడంగా ఉండాలని ఉంది! మందు చాలావరకు ఒంట్లోంచి పోయాకే పంపుతారు, కంగారు పడొద్దని తర్వాత తెలిసిన డాక్టరు ధైర్యం చెప్పారు. అయినా బస్సులో ఆ అమ్మాయి ఎవరో, ఏ ఊరో మాకు తెలియదు.

ఈ వైద్యాన్ని నేను తప్పుపట్టడం లేదు. థైరాయిడ్ కణాలు అయోడిన్‌ను లాక్కుంటాయి కాబట్టి మిగిలిన క్యాన్సర్‌ను లోపలే కాల్చేస్తుంది. ఈ మందులోని అయోడిన్-131 అర్ధాయువు, అంటే దాని రేడియేషన్ సగానికి తగ్గే కాలం, 8 రోజులే. ఎక్కువభాగం మొదటి రెండు రోజుల్లో మూత్రంలో పోతుంది, కొంత ఉమ్మిలో, చెమటలో వస్తుంది. అందుకే ఆ వార్డు మరుగుదొడ్డి నీళ్లను నేరుగా డ్రైనేజీలోకి వదలకుండా ట్యాంకుల్లో నిలవబెడతారు. 80 రోజులు ఆగితే మిగిలేది వెయ్యో వంతు లోపే. మురుగునీటికి అంత లెక్క చూసేవాళ్లు, మనిషిని పంపేటప్పుడు నాలుగు ముక్కలు తెలుగులో చెప్పలేరా?

చెప్పకపోతే భయం కూడా అంతే పెరుగుతుంది. విషయం తెలిసిన పక్కింటావిడ నాలుగు నెలల తర్వాత కూడా మా ఇంటి ప్రసాదం ముట్టలేదు. అప్పటికి ఒంట్లో లెక్కలోకి వచ్చేంత ఏమీ ఉండదు. 2019లో నల్లమలలో యురేనియం వద్దని ఊరూవాడా కదిలాం, అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. మంచిదే. ఇంట్లోకి నడిచొచ్చే రేడియేషన్ గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు.

అణుశక్తి నియంత్రణ మండలి, రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు కలిసి ఒక్క పేజీ తెలుగులో అచ్చు వేయించాలి. డోసును బట్టి ఎన్నాళ్లు విడిగా పడుకోవాలి, బట్టలు ఎలా ఉతకాలి, రెండుసార్లు ఫ్లష్ ఎందుకు చేయాలి, మగవాళ్లు కూడా కూర్చునే మూత్రానికి ఎందుకు వెళ్లాలి, ఎయిర్‌పోర్టులో అలారం మోగితే ఏ ఉత్తరం చూపాలి, అనుమానమొస్తే ఏ నంబరుకు చేయాలి, ఇవన్నీ అందులో ఉండాలి. చదువు రానివాళ్లకు నర్సు చదివి వినిపించాలి. అదీ డిశ్చార్జి రోజున కాదు, బిళ్ల మింగడానికి వారం ముందే. మనవణ్ని వాళ్ల అమ్మమ్మగారింటికి పంపాలన్నా, బస్సు మానుకుని కారు మాట్లాడుకోవాలన్నా మాకు అంత వ్యవధి కావాలి.

– ఒక పాఠకుడు, ఖమ్మం