మంత్రిగారూ, మా చెరువు ఎవరిదో ముందు తేల్చండి

ఉమ్మడి వరంగల్ జిల్లా ఇన్‌ఛార్జి మంత్రి గారికి నమస్కారాలు.

నేను రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు పాలకూర, కొత్తిమీర, తోటకూర కట్టలు స్కూటీకి కట్టుకుని హన్మకొండ వస్తాను. ఎనిమిదికల్లా అమ్ముకుని ఇంటికి పోతాను. గ్రేటర్ వరంగల్‌లో కలిపిన 42 ఊర్లలో మాదొకటి. చెరువు కింద మాకు మూడెకరాలుంది. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే రేపే ఒక జేసీబీ వస్తుంది, మా ఒక్క కాలువలో రెండు గంటలు తవ్వుతుంది, ఎవరో ఫొటో తీసుకుంటారు, అయిపోతుంది. నేను అడుగుతున్నది అది కాదు.

పోయిన నెల ఒక పెద్దావిడ పాలకూర కట్ట తీసుకుని వాసన చూసింది. "మోరి నీళ్లతో పండించింది కాదు కదమ్మా?" అని అడిగింది. బోరు నీళ్లమ్మా అన్నాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఎండాకాలంలో మా బోరు రెండు గంటలు పోసి ఆగిపోతుంది. ఆ తర్వాత చెరువు తూము నీళ్లే దిక్కు. ఆ చెరువులోకి ఏడాది పొడుగునా వచ్చేవి ఎగువ కాలనీల మోరి నీళ్లే. మాటల్లో తెలిసింది, ఆమె ఉండేది కూడా ఆ కాలనీల్లోనేనట. ఆ రోజు ఆమె దగ్గర పది రూపాయలు తక్కువ తీసుకున్నాను. ఎందుకో నాకే తెలియదు.

ఆమె ఇంట్లో నల్లా తిప్పితే వచ్చే నీళ్లు ఎక్కడివి? గోదావరివి. ములుగు జిల్లాలో గంగారం దగ్గర దేవాదుల మోటార్లు ఎత్తిపోస్తే, ఎన్నో ఊర్ల పొలాల కింద నుంచి పైపుల్లో ధర్మసాగర్ చేరతాయి. ఇంకొన్ని కాకతీయ కాలువలో వస్తాయి. అంత దూరం నుంచి, అంత కరెంటు ఖర్చుతో తెచ్చుకున్న నీళ్లను నగరం ఒకసారి వాడుకుని కింది ఊర్ల మీదికి వదిలేస్తుంది. మేం వాటితో కూరగాయలు పండించి మళ్లీ నగరానికే తెచ్చి అమ్ముతాం. నగరం, పల్లె వేర్వేరని ఆఫీసు కాగితాలు చెబుతాయి కానీ, నీళ్లు ఆ మాట వినవు.

ఈ సంగతి కాకతీయుల కాలానికే తెలుసు. పాఖాల, రామప్ప, లక్నవరం గురించి అందరూ చెబుతారు. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మా ఊర్లోనూ సంబురపడ్డాం. కానీ 1213లో కట్టిన ఆ గుడికి దగ్గర్లోనే చెరువు ఎందుకుందో చాలామంది ఆలోచించరు. గుడి, చెరువు, ఊరు కలిపి కట్టారు. పేరున్న పెద్ద చెరువుల సంగతి సరే, వాటికన్నా నాకు గొప్పగా అనిపించేవి పేరు లేని చిన్న చెరువులు. అవి ఒకదాని కింద ఒకటి గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కట్టుకాలువలో పడి కింది చెరువు చేరతాయి. పైవాడు కాలువ మూస్తే కిందివాడు ఎండిపోతాడు, లేదా మునుగుతాడు.

చెరువు నీళ్లు చూసుకునే పాత నీరటి గురించి మా అత్తమ్మ ఇప్పటికీ చెబుతుంది. అర్ధరాత్రి వాన మొదలైతే ఎవరూ పిలవకుండానే కందిలి పట్టుకుని కట్ట మీదికి పోయేవాడట. ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో ఆయన నోటిలెక్కే. పంట ఇంటికి రాగానే ఆయన వాటా వడ్లు ముందు కొలిచేవాళ్లు. ఇప్పుడు నీరటి లేడు. ఆయన పని ఎవరిదని అడిగితే జవాబు చెప్పే మనిషీ లేడు.

విలీనానికి ముందు, ఎండాకాలం వచ్చిందంటే ఉపాధి హామీ కింద ఊరంతా కలిసి కట్టుకాలువలో తుమ్మ కొట్టి పూడిక తీసేవాళ్లు. కూలీ వచ్చేది, కాలువా బాగుపడేది. కార్పొరేషన్‌లో కలిశాక మేం పట్టణం వాళ్లమైపోయాం, ఉపాధి హామీ పోయింది. ఇంటిపన్ను పెరిగింది. కాలువలో తుమ్మ చెట్లు నా కొడుకుతో పాటు పెరిగి, వాడికంటే పొడుగయ్యాయి. ఇంతలో ఎగువన ఒక వెంచర్ వచ్చింది. మనిషి దిగితే నడుం లోతుండే కాలువలో రెండడుగుల పైపు వేసి, మీద మొరం పోసి రోడ్డు చేశారు. అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకు పోతే కాలువ మాది కాదన్నారు. ఇంకో ఆఫీసుకు పోతే ఊరు మాది కాదన్నారు. మూడో చోట మ్యాప్ తెమ్మన్నారు. మ్యాప్ ఉండాల్సింది వాళ్ల దగ్గరే కదా!

2023 జులైలో ఏమైందో మీకు తెలుసు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లి మునిగిపోతే జనాన్ని హెలికాప్టర్లతో తీయాల్సి వచ్చింది. నయీంనగర్, హంటర్ రోడ్డు ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. టీవీలన్నీ నగరాన్నే చూపించాయి, తప్పు లేదు, మనుషులు ఎక్కువున్నది అక్కడే. ఆ రాత్రి మా కట్ట మీద మేం పదిహేను మందిమి ఇసుక సంచులతో నిలబడ్డాం. ఆ రెండడుగుల పైపు దగ్గర నీళ్లు పట్టక రోడ్డు తెగి, అంతా ఒక్కసారిగా మా మీద పడింది. తెల్లారి చూస్తే నా కొత్తిమీర మడి నిండా కవర్లు, థర్మాకోల్ ముక్కలు, మందు సీసాలు. మధ్యలో ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీ నిటారుగా నిలబడి ఉంది, ఎవరో ఇప్పుడే కూర్చుని లేచిపోయినట్టు. కుర్చీ ఇప్పటికీ వాడుకుంటున్నాం. మడి మాత్రం మళ్లీ దారికి రావడానికి రెండేళ్లు పట్టింది. అప్పుడే 2025 అక్టోబర్ చివర మొంథా తుపాను వచ్చి కోతకొచ్చిన వరిని ముంచింది.

ఇప్పుడు నగరంలో పనులు చాలా జరుగుతున్నాయి. నయీంనగర్ నాలా వెడల్పు చేశారు. అండర్‌గ్రౌండ్ డ్రైనేజీకి 4,170 కోట్లు అన్నారు. భద్రకాళి చెరువు ఖాళీ చేసి పూడిక తీయడం మొదలుపెట్టారు. మామునూరు ఎయిర్‌పోర్టు, సంగెం వైపు టెక్స్‌టైల్ పార్కు, 2041 మాస్టర్ ప్లాన్. వీటిలో దేనికీ నేను అడ్డం కాదు. నా కొడుకు ఆ టెక్స్‌టైల్ పార్కులో ఉద్యోగం చేస్తే నాకూ సంతోషమే. కానీ ప్రతి పనికీ ఒక ప్రశ్న అడగండి సార్: దీని కిందున్న ఊరికి ఏమవుతుంది?

నాలా వెడల్పు చేస్తే పైన నీళ్లు నిలవవు, మంచిదే. అదే నీళ్లు ఇంతకు ముందు రెండు గంటల్లో వచ్చేవి ఇప్పుడు గంటలో కిందికొస్తాయి. కింది కాలువ పాతదే, కట్ట పాతదే. టెన్షన్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారిందంతే.

డ్రైనేజీ సంగతీ అంతే. పైపులు ఎక్కడ వేస్తారో అందరూ చెబుతున్నారు. శుద్ధి చేసిన నీళ్లు ఏ చెరువులో కలుస్తాయో, ఎంతవరకు శుద్ధి చేస్తారో మా ఊరికి ఎవరూ చెప్పలేదు. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి 2018 నుంచి కోలార్ చెరువులు నింపుతున్నారు. అక్కడ ఎండిన బోర్లలోకి నీళ్లొచ్చాయి, శుద్ధి సరిపోవడం లేదని రైతుల గొడవా ఉంది. రెండూ చూసి నేర్చుకోవచ్చు. మాకు నీళ్లు వద్దని కాదు, బాగా శుద్ధి చేసినవైతే ఎండాకాలం మూడో పంటకు అవే బంగారం. కానీ తూము దగ్గర ఒక బోర్డు పెట్టండి. ఈ నెల నీటి పరీక్షలో ఏం తేలిందో, వీటితో ఆకుకూర వేయొచ్చో లేదో తెలుగులో రాయండి. ఆ పెద్దావిడ మళ్లీ అడిగితే నేను కళ్లలోకి చూసి చెప్పగలగాలి.

పూడిక మట్టి గురించి కూడా ఒక మాట. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలయ్యాక మా చెరువు ఒండ్రు ట్రాక్టర్లతో తోలుకున్నాం. ఆ ఏడు యూరియా బస్తాలు తగ్గాయి, మిర్చి నిగనిగలాడింది. అది ఊరి చెరువు మట్టి. నగరం చెరువు అడుగున ఏళ్ల తరబడి ఏమేం పేరుకుందో పరీక్ష చేయకుండా పొలాలకు పంపొద్దు. మంచిదని తేలితే రవాణా ఖర్చు పెట్టుకుని మేమే తీసుకుపోతాం.

చట్టాలు లేవని కాదు. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి, అంటే చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు నుంచి, 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు ఏమీ కట్టకుండా వదలాలి. మా చెరువుకు అసలు ఎఫ్‌టీఎల్ రాళ్లే కనపడవు. 2022లో మా భూములు కలిపి తీసుకుంటామని ల్యాండ్ పూలింగ్ అన్నప్పుడు రైతులు రోడ్డెక్కారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మమ్మల్ని అభివృద్ధికి అడ్డమన్నవాళ్లు చాలామంది. మేం అడిగింది ఒక్కటే, మా భూమి ఏమవుతుందో మాకు ముందు చెప్పమని. ఇప్పుడు చెరువు గురించీ అదే అడుగుతున్నాను.

ప్రతి గొలుసుకట్టుకు పై చెరువు నుంచి చివరి చెరువు దాకా ఒకే అధికారిని పెట్టండి. ఆయన పేరు, ఫోన్ నంబరు ప్రతి కట్ట మీద రాయించండి. కార్పొరేషన్ హద్దు ఎక్కడైనా ఉండనీయండి, నీళ్ల హద్దు ఆయనది. విలీన గ్రామాల్లో కాలువల పూడికకు ఉపాధి హామీ లాంటి పని మళ్లీ పెట్టండి, కూలీకి వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే ముందు కింది చెరువు రైతులను, చేపల సొసైటీ వాళ్లను పిలిచి అడగండి. మా దగ్గర మ్యాప్ లేదు కానీ, వాన నీళ్లు ఎటు పోతాయో చూపించగలం.

పోయిన సద్దుల బతుకమ్మ నాడు మా అత్తమ్మ చెరువులో కాలు పెట్టడానికి ఒప్పుకోలేదు. బతుకమ్మను కట్ట మీది నుంచే వదిలింది. ఆ మాట ఇంట్లో ఎవరం ఎత్తడం లేదు.

మృగశిర కార్తెలోపు ఆ పైపు తీయించి కాలువ తెరిపిస్తే ఈ వానాకాలం గట్టెక్కుతాం. చూడ్డానికి వస్తానంటే ఎనిమిది దాటాక రండి సార్, అంతకు ముందు నేను మార్కెట్‌లో ఉంటాను. చెప్పులతో వద్దు, కాలువ గట్టు మీద తుమ్మ ముళ్లున్నాయి.

ఇట్లు,
ఒక విలీన గ్రామం ఆకుకూరల రైతు