జూలై 6 ఒక్కరోజు చాలదు, మంత్రిగారూ

తెలంగాణ పశుసంవర్ధక శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

ఏటా జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా పెంపుడు కుక్కలకు మీ శాఖ ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తోంది. అందుకు కృతజ్ఞతలు. 1885లో లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన ఒక పిల్లవాడికి తొలిసారి టీకా వేసింది ఆ రోజే. కానీ ఆగస్టులో పుట్టిన కుక్కపిల్లకు నవంబరులో మూడు నెలలు నిండుతాయి. మొదటి రేబిస్ టీకా పడాల్సింది అప్పుడు. మళ్లీ జూలై వచ్చేదాకా అది ఆ ఇంటి పిల్లలతో ఒకే చాప మీద పొర్లుతూ ఉంటుంది.

స్తోమత ఉన్నవాళ్లు ప్రైవేటు క్లినిక్‌కు వెళ్తారు. మా బోరబండలో చాలామందివి రోజు కూలీ బతుకులు. మా గల్లీలో ఇళ్లలో పనిచేసే ఒకామె ఉంది. కుక్కపిల్లను పాత చీరలో చుట్టుకుని రోడ్డు మీద నిలబడితే ఒక్క ఆటో ఆగలేదు. ఆ పూట పని పోయింది, టీకా కూడా పడలేదు. ఆమెకు కుక్క మీద ప్రేమ లేదని ఎవరంటారు?

ఇంట్లో కుక్క పంటిగాటును ఎవరూ పట్టించుకోరు. "మన కుక్కే కదా" అని ఇంత పసుపో కారమో అద్ది ఊరుకుంటారు. గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలని చాలామందికి తెలియదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. పిల్లుల సంగతైతే అసలు ఎవరూ ఎత్తరు. వాటికీ ఈ జబ్బు వస్తుంది, వాటి నుంచీ మనకు సోకుతుంది.

కుక్కల టీకా తయారుచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ మన గచ్చిబౌలిలోనే ఉంది. అక్కడి నుంచి బోరబండ ఎంత దూరమండీ? ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకు టీకా పడితే వాటి మధ్య రేబిస్ వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030కల్లా లేకుండా చేస్తామని కేంద్రం ప్రణాళిక ప్రకటించింది. ఏడాదికి ఒక్కరోజు శిబిరంతో అక్కడికి చేరగలమా?

నెలకో ఆదివారం ప్రతి బస్తీకి ఒక డాక్టరును, ఐస్ బాక్సులో టీకాలను పంపండి. బస్తీ దవాఖానా ముందు నీడన బల్ల వేస్తే చాలు. ముందురోజు చెత్త ఆటో మైకులో చెప్పిస్తే ప్రతి ఇంటికీ తెలుస్తుంది. టీకా చీటీ మీద తర్వాతి డోసు తేదీ తెలుగులో, ఉర్దూలో రాయించండి. గడువు దగ్గరపడగానే ఫోనుకు మెసేజ్ పంపించండి. మొదటి శిబిరం మా బోరబండలో పెడితే ఇంటింటికీ తిరిగి కుక్కల్నీ పిల్లుల్నీ తీసుకొచ్చే బాధ్యత మా బస్తీవాళ్లం తీసుకుంటాం.

ఇట్లు,
బోరబండ వాసి, హైదరాబాద్