కొండనీళ్లు తాగే ముందు ఒక్క అరగంట

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో మా వైపు కోనల మీద వచ్చిన వ్యాసం చదివాను. దారి వివరాలు, ఫొటోలు అన్నీ బాగున్నాయి. ఉదయగిరి, సీతారామపురం కొండల గురించి రాసేవాళ్లే తక్కువ కాబట్టి సంతోషంగా కూడా అనిపించింది. కానీ అందులో ఒక మాట దగ్గర ఆగిపోయాను. సెలయేటి నీళ్లలో మూలికల సారం ఉంటుందని, వాటిని నేరుగా తాగొచ్చని, సీసాలు మోసుకెళ్లే పని లేదని అర్థం వచ్చేలా రాశారు. దయచేసి ఆ మాటను సవరించండి. ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను ప్రభుత్వాసుపత్రుల్లో 31 ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. రక్తపరీక్షల కంటే మలపరీక్షలే ఎక్కువ చేశాను. స్లైడు మీద చిన్న చుక్క పెట్టి మైక్రోస్కోపులో చూస్తే జియార్డియా అనే జీవి కనిపించేది. బేరికాయ ఆకారంలో ఉంటుంది. రెండు కేంద్రకాలు రెండు కళ్లలా ఉండి, అది మనల్నే చూస్తున్నట్టుంటుంది. అది కనబడిన ప్రతిసారీ నీళ్లు ఎక్కడ తాగారని అడిగేదాన్ని. గొర్రెల కాపరులు, కట్టెలకు పోయినవాళ్లు, కార్తీక మాసంలో కోనకు పోయి స్నానం చేసి వచ్చినవాళ్లు ఎక్కువ. వాళ్లందరిదీ ఒకటే జవాబు. "ఆ నీళ్లు తాగి పది దినాలైంది మేడమ్, వాటివల్లైతే ఆ రోజే కావాల గదా?"

చిక్కంతా ఇక్కడే ఉంది. జియార్డియా కడుపులోకి పోయిన వారం, రెండు వారాలకు గాని బయటపడదు. టైఫాయిడ్‌కు ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ అయితే 15 రోజుల నుంచి 50 రోజుల దాకా ఎప్పుడైనా తేలొచ్చు. అందుకే "ఎన్నోసార్లు తాగాం, ఏమీ కాలేదు" అని అందరూ ధైర్యంగా చెబుతారు. జబ్బు వచ్చేసరికి కొండ సంగతి ఎవరికీ గుర్తుండదు.

మా ఇంట్లోనే జరిగింది. మా తమ్ముడి కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. కిందటి కార్తీకంలో ముగ్గురు స్నేహితులతో వచ్చి దుర్గం ఎక్కాడు. ఉదయగిరి దుర్గం మూడు వేల అడుగుల పైన ఉంటుంది. తలా రెండు లీటర్లు పట్టుకుపోయారు. మధ్యాహ్నానికే అయిపోయాయి. పైన ఒక కోనేటి నీళ్లను జేబురుమాలుతో వడగట్టి తాగారు. ఆ సాయంత్రం మా ఇంట్లో అన్నం తిని నవ్వుకుంటూ వెళ్లారు. పదో రోజు నుంచి వాళ్లలో ఒకడికి కడుపు ఉబ్బరం, కుళ్లిన గుడ్డు వాసనతో తేన్పులు, నీళ్ల విరేచనాలు. 26వ రోజు మావాడి కళ్లు పచ్చబడ్డాయి. హెపటైటిస్-ఎ అన్నారు. వాడు ఆఫీసు దగ్గర తిన్న పానీపూరీని అనుమానించాడు. నేను క్యాలెండరు ముందు పెట్టుకుని రోజులు లెక్కబెట్టాను. ఆ కోనేటి నీళ్లేనని రుజువు చేయలేను. కానీ రోజుల లెక్క సరిపోయింది. నెలన్నర పాటు ఆ పిల్లవాడు మంచం దిగలేదు. కొండ ఎక్కేముందు మా ఇంటికే వచ్చాడు గదా, ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేదని నాకు ఇప్పటికీ బాధే.

కృష్ణదేవరాయలు 1513లో ఈ దుర్గాన్ని ముట్టడిస్తే 1514లో గాని చేతికి రాలేదు. పైన నీళ్లు లేకుండా లోపలివాళ్లు అన్నాళ్లు నిలవగలిగేవాళ్లు కాదు. అప్పుడు ఆ నీళ్లకు కాపలా ఉండి ఉంటుంది. ఇప్పుడు వాటిలో ఆకులు కుళ్లుతాయి, మేకలు దిగుతాయి, మనుషులు పక్కనే బహిర్భూమికి వెళ్తారు.

మా ప్రాంతం వాళ్ల మనసులో ఇంకో సంగతి కూడా ఉంది. బయటివాళ్లకు ఇది తెలియదు. ఉదయగిరి, కనిగిరి వైపు ఫ్లోరైడ్ ఎక్కువ. గారపట్టిన పళ్లు, వంగిన కాళ్లు చూస్తూ పెరిగాం. అందుకే మాకు చిన్నప్పటి నుంచి బోరు నీళ్లంటే భయం, కొండనీళ్లంటే నమ్మకం. ఊళ్లో ఉండి రోజూ తాగేవాళ్లకు ఆ భయం న్యాయమే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్లను ఏళ్ల తరబడి తాగితే పళ్లు, ఇంకా ఎక్కువైతే ఎముకలు పాడవుతాయి. కానీ ఒకటి రెండు రోజులు కొండకు పోయేవాడి లెక్క వేరు. ఒక్కరోజు బోరు నీళ్లు తాగినంత మాత్రాన ఎముకలు వంగవు. ఒక్క గుక్క కోన నీళ్లతో కామెర్లు రావచ్చు. లోతు బోరు నీళ్లలో రోగక్రిములు సాధారణంగా చాలా తక్కువ. కొండ ఎక్కేవాడు కింద బోరింగు దగ్గరే సీసాలు నింపుకోవాలి. నేను ఈ మాట చెబితే మావాళ్లే ఆశ్చర్యపోతున్నారు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. నడకకు తీసుకెళ్లే మాత్రలు, చిన్న ఫిల్టర్లు ఏవీ ఫ్లోరైడ్‌ను తీయలేవు. మరిగించినా పోదు, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. పొలాల్లో కొట్టే పురుగుమందులు కూడా వీటితో పోవు. కాబట్టి తోటల కింద పారే కాలువ నీళ్ల జోలికి పోవద్దు, తోటలకు పైన నీళ్లే పట్టుకోవాలి.

ఇక మొయ్యడం సంగతి. లీటరు నీళ్లంటే కిలో బరువు. ఎండలో కొండ ఎక్కేవాడికి గంటకు అర లీటరుకు తగ్గకుండా కావాలి. రెండు రోజుల నడకకు సరిపడా నీళ్లు వీపున మోయడం ఎవరివల్లా కాదు. దారిలో దొరికే నీళ్లను శుభ్రం చేసుకోవాల్సిందే. మావాడు కోలుకున్నాక మళ్లీ నడకకు పోతానన్నాడు. వద్దనలేదు. "అత్తా, ఏది తీసుకెళ్లమంటావు, బరువు మాత్రం ఉండకూడదు" అన్నాడు. స్నేహితుల దగ్గరున్నవన్నీ తెమ్మని, ఇంట్లో చిన్న కాటా మీద ఒక్కొక్కటీ తూచి చూశాం.

మరిగించడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. నీళ్లు తెర్లి తెర్లి ఒక్క నిమిషం కాగితే బ్యాక్టీరియా, వైరస్, జియార్డియా అన్నీ చస్తాయి. కానీ చిన్న స్టవ్, గ్యాస్ డబ్బా, గిన్నె కలిపితే ముప్పావు కిలో దాటింది. కట్టెల పొయ్యి అసలు వద్దు. రిజర్వు ఫారెస్టులో నిప్పు రాజేయడం నేరం, ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వతో కొండ కొండే అంటుకుంటుంది. అతినీలలోహిత కాంతి ఇచ్చే పెన్ను లాంటి పరికరం కూడా తెచ్చారు. లీటరు నీళ్లలో ఒకటిన్నర నిమిషం తిప్పితే సరిపోతుంది, వైరస్‌లను కూడా చంపుతుంది. కాకపోతే నీళ్లు తేటగా ఉండాలి, బ్యాటరీ ఉండాలి. వర్షం పడ్డాక మా కోనల్లో పారేవి ఎర్రనీళ్లు. ఆ కాంతి బురదను దాటి క్రిమిని చేరలేదు. నాకు దాని మీద నమ్మకం కుదరలేదు.

చివరికి రెండు మిగిలాయి. చేత్తో పిండే ఫిల్టరు ఒకటి, క్లోరిన్ మాత్రలు ఒకటి. ఫిల్టరు 85 గ్రాములు తూగింది. అందులో సన్నని గొట్టాల్లాంటి పోగులుంటాయి. వాటి రంధ్రాలు 0.1 మైక్రాన్, అంటే మిల్లీమీటరులో పదివేలవ వంతు. టైఫాయిడ్, కలరా బ్యాక్టీరియా అందులో దూరలేవు, వాటికంటే ఎంతో పెద్దదైన జియార్డియా అసలే దూరలేదు. సంచిలో నీళ్లు పట్టి పిండితే వెంటనే తాగొచ్చు. కానీ హెపటైటిస్ వైరస్ దానికంటే చాలా చిన్నది, నేరుగా దాటిపోతుంది. మావాడికి వచ్చిన జబ్బును ఆ ఫిల్టరు ఒక్కటే ఆపేది కాదు. పర్వతాల్లో, పైన ఊళ్లూ మనుషులూ లేనిచోట ఫిల్టరు ఒక్కటే సరిపోవచ్చు. మన కోనలు అలాంటివి కావు. పెంచలకోనలో, భైరవకోనలో పండగల రోజుల్లో ఎంత జనం స్నానాలు చేస్తారో అందరం చూస్తున్నదే.

క్లోరిన్ మాత్రల బరువు తూచాల్సిన అవసరం కూడా లేదు, ఒక షీటు చొక్కా జేబులో పడుతుంది. వరదలప్పుడు ఇంటింటికీ పంచేది ఇవే. వైరస్‌లను, బ్యాక్టీరియాను చంపుతాయి. జియార్డియా కాస్త మొండిది, దానికి ఎక్కువసేపు కావాలి. క్రిప్టోస్పోరిడియం అని ఇంకొకటుంది, దాన్ని మామూలు క్లోరిన్ ఏమీ చేయలేదు. అంటే ఫిల్టరు వదిలేసేదాన్ని మాత్ర చంపుతుంది, మాత్రకు లొంగనిదాన్ని ఫిల్టరు ఆపుతుంది. రెండూ కలిపి వంద గ్రాముల పైచిలుకు. మావాడి సంచిలో రెండూ పెట్టించాను. ముందు ఫిల్టరు, తర్వాత మాత్ర.

మాత్ర వేశాక అరగంట ఆగాలి. నా అనుభవంలో పిల్లలు తప్పు చేసేది ఇక్కడే. దాహానికి ఆగలేక పది నిమిషాలకే తాగేస్తారు. అందుకే రెండు సీసాలుండాలి, ఒకటి తాగుతుంటే ఇంకొకటి తయారవుతుంది. మాత్ర వేసి కాసేపటికి మూత కొద్దిగా వదులు చేసి సీసాను వంచి, ఆ నీళ్లు మూత మర చుట్టూ కారనివ్వాలి. అక్కడ అంటుకున్న పచ్చినీళ్ల చుక్క కూడా శుభ్రపడాలి. కొనేటప్పుడు ఆ మాత్ర ఎన్ని లీటర్లకో చదవండి. 20 లీటర్ల బిందెలకు ఇచ్చే మాత్రను లీటరు సీసాలో వేస్తే నోట్లో పెట్టుకోలేరు. వాసన నచ్చకపోతే ఇంకో సీసాలోకి ఎత్తి పోయండి, తగ్గుతుంది. మా రాపూరు, గూడూరు నిమ్మకాయ ఒక్క చెక్క పిండినా చాలు, అందులోని విటమిన్-సి క్లోరిన్‌ను విరిచేస్తుంది. కానీ అరగంట అయ్యాకే పిండాలి. ముందే పిండితే క్లోరిన్ పనిచేయకుండానే పోతుంది.

నీళ్లు ఎర్రగా ఉంటే ఫిల్టరు రెండు లీటర్లకే మూసుకుపోతుంది, మాత్ర బలం బురదకే సరిపోతుంది. అందుకు మా అవ్వల పద్ధతే మంచిది. పాత నూలు చీర మడతలు పెట్టి వడగట్టాలి. ఇది ఊరికే పెద్దల మాట అని కొట్టిపారేయొద్దు. రీటా కోల్వెల్ అనే శాస్త్రవేత్త బృందం బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీర మడతలతో నీళ్లు వడగట్టించి చూస్తే కలరా సుమారు 48 శాతం తగ్గింది. ఆ ఫలితం 2003లో అచ్చయింది. కొత్త చీర కంటే ఉతికి ఉతికి మెత్తబడిన పాత చీర నయం, దాని పోగులు సాగి సందులు మూసుకుంటాయి. జేబురుమాలు ఒక్క మడతకు ఆ గుణం లేదు. మా అవ్వ కాలంలో దిగుడుబావుల నీళ్లతో నారికురుపు వచ్చేదట. కాలిలోంచి బయటికొచ్చే పురుగును పుల్లకు చుట్టి రోజుకింత లాగేవాళ్లని చెప్పేది. నీళ్లు వడగట్టి తాగడం కూడా తోడై ఆ జబ్బు దూరమైంది. 2000లో మన దేశంలో అది లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. చీరతో పాటు పటిక ముక్కో, చిల్లగింజ అరగదీసిన గంధమో వేసి కాసేపు ఉంచితే బురద అడుక్కు దిగుతుంది. ఏటి ఇసుకలో చెలమ తవ్వుకున్నా తేట నీళ్లు వస్తాయి. ఇవన్నీ మొదటి మెట్టు మాత్రమే. తేటగా ఉన్నంత మాత్రాన మంచినీళ్లు కావు. ఆ తర్వాత ఫిల్టరు, మాత్ర తప్పవు.

డబ్బు ఇబ్బంది ఉండి ఒక్కటే కొనగలిగితే మన కొండలకు పాత చీర ముక్క, క్లోరిన్ మాత్రలు చాలంటాను. మంచు కొండలకు పోయేవాళ్లు మాత్రం ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. ఒకసారి తడిసిన ఫిల్టరు గడ్డకడితే లోపలి పోగులు పగిలిపోతాయి, బయటికి ఏమీ కనబడదు. రాత్రిపూట దాన్ని దుప్పట్లో పెట్టుకుని పడుకోవాలి. చల్లటి నీళ్లలో మాత్రకు కూడా అరగంట చాలదు.

అందువల్ల సంపాదకులకు నా విన్నపం. ఆ వ్యాసానికి చిన్న సవరణ వేయండి. ఇకమీదట జలపాతం గురించి రాసిన ప్రతిసారీ పక్కన నాలుగు లైన్లు ఇవ్వండి. కిందే బోరింగు దగ్గర నింపుకోమని, దారిలో పట్టుకుంటే వడగట్టి మాత్ర వేసి అరగంట ఆగమని, వచ్చాక యాభై రోజుల లోపు కడుపు చెడినా కళ్లు పచ్చబడినా డాక్టరుకు ఆ నడక సంగతి చెప్పమని. చివరిది మరచిపోకండి. పరీక్ష చేసేవాళ్లకు ఆ ఒక్క మాటతో సగం పని తప్పుతుంది.

మా వీధి చివర, కొండకు పోయేవాళ్లు ఆగే చోట ఒక బోరింగు ఉంది. దాని గచ్చు పగిలి మురుగు మళ్లీ లోపలికే దిగుతోంది. మేం వీధివాళ్లం సిమెంటుకు డబ్బులు పోగుచేశాం, మేస్త్రీ కూడా ఒప్పుకున్నాడు. వచ్చే కార్తీకం లోపల పని పూర్తి చేస్తాం. పూర్తయ్యాక మీకు ఫొటో పంపుతాను, ఆ నాలుగు లైన్ల పక్కన వేయండి.

— ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
ఉదయగిరి, నెల్లూరు జిల్లా