దారిలో ఆగి చైన్ సరిచేసిన పెద్దమనిషికి కృతజ్ఞతలు

నా మోటార్‌సైకిల్ చైన్ కొట్టుకుంటున్న చప్పుడు విని, తన బండి ఆపి, పేరైనా చెప్పకుండా సాయం చేసి వెళ్లిన ఆ పెద్దమనిషికి ఈ నాలుగు మాటలు చేరాలని కోరుకుంటున్నాను. చైన్ అన్నిచోట్లా ఒకేలా సాగదు కాబట్టి, వెనుక చక్రాన్ని మెల్లగా తిప్పుతూ, అన్నిటికంటే బిగుతుగా ఉన్న చోటే వదులు (చైన్ పైకీ కిందికీ ఎంత కదులుతుందో) కొలవాలని ఆయన చూపించారు. చాలా బళ్లకు అది సుమారు 25 నుంచి 35 మిల్లీమీటర్లు ఉంటుంది గానీ, మాన్యువల్‌లో ఇచ్చిన అంకెనే పాటించాలి. వెనుక చక్రం ఇరుసు (యాక్సిల్) నట్టు వదులు చేసి, చైన్ బిగువును సరిచేసే రెండు వైపుల అడ్జస్టర్లనూ ఒకే గుర్తుకు తెచ్చి, నట్టు తిరిగి బిగించాక ఆయన మరోసారి కొలిచారు. బిగించేటప్పుడు వదులు మారిపోవచ్చునన్న ఆ జాగ్రత్తే నాకు అన్నిటికంటే నచ్చింది (తొందరలో చాలామంది వదిలేసేది అదే). ఓ-రింగ్ చైన్‌ను (లింకుల మధ్య రబ్బరు రింగులు ఉండేదాన్ని) పెట్రోలుతో కడిగితే రబ్బరు పాడవుతుందని, శుభ్రం చేసేటప్పుడు ఇంజన్ తప్పనిసరిగా ఆపి ఉంచాలని, ల్యూబ్‌ను (కందెనను) చైన్ లోపలి వైపున వేయాలని కూడా చెప్పారు. పళ్లు కొక్కేల్లా వంగిన స్ప్రాకెట్‌ను (చైన్ తిరిగే పళ్ల చక్రాన్ని) చూపి, కొత్త చైన్‌తో పాటే ముందూ వెనుకా ఉన్న రెండు స్ప్రాకెట్లనూ మార్చమన్నారు, అలాగే మార్పించాను. అయ్యా, మీకు నా హృదయపూర్వక ధన్యవాదాలు.