చుక్కాని మాట కూడా రాయండి

సంపాదకుల వారికి,

నమస్కారాలు. చిలికా సరస్సులో తిరిగే పడవల భద్రత గురించి ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. లైఫ్ జాకెట్ల గురించి, మోటార్ల గురించి, పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకోవడం గురించి అందులో చెప్పినవన్నీ అవసరమైన మాటలే. అయితే పడవను మనం అనుకున్న దారిన నడిపించే చుక్కాని గురించి ఒక్క వాక్యమైనా లేకపోవడం నాకు పెద్ద వెలితిగా తోచింది. గంజాం జిల్లా రంభలో ఉంటూ చాలా ఏళ్లుగా చిన్న తెరచాప పడవ నడుపుతున్నవాడిగా, ఆ పడవ చుక్కాని ఏర్పాటును మొత్తంగా మార్చుకున్న అనుభవంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాది 22 అడుగుల ఫైబర్ పడవ. విశాఖలో ఒకరి దగ్గర పాతది కొన్నాను. దానికి కారుకు ఉన్నట్టే గుండ్రటి చక్రం ఉండేది. ఆ చక్రానికి ఒక గొలుసు, గొలుసు కొసలకు స్టీలు వైరు తాడు, ఆ తాడు నాలుగు కప్పీల మీదుగా పడవ అడుగున సాగి అమరం (పడవ వెనక కొస) దగ్గరి చుక్కానిని అటూ ఇటూ లాగేది. చూడటానికి ముచ్చటగా ఉండేది, ఎక్కిన పిల్లలు ముందుగా దాన్నే పట్టుకునేవారు. కానీ వైరు, కప్పీలు చెక్క పలకల కింద చెయ్యి దూరని చోట ఉండటం వల్ల నేను ఏళ్ల తరబడి వాటి మొహం చూడలేదు. తెరచాప మార్పించాను, రెండుసార్లు రంగు వేయించాను, చుక్కాని మాత్రం తిరుగుతూనే ఉంది కదా అని దాని జోలికి పోలేదు. ఆ తప్పు పూర్తిగా నాదే.

ఒక వేసవి మధ్యాహ్నం కాళీజై దీవి వైపు నుంచి తిరిగి వస్తుండగా దక్షిణపు గాలి బలం పుంజుకుంది. ఉన్నట్టుండి చక్రం చేతిలో తేలికైపోయింది. ఎంత తిప్పినా పడవ మాట వినలేదు, ముక్కు గాలికి ఎదురు తిరిగి తెరచాప టపటపా కొట్టుకోసాగింది. నాతో ఇద్దరు బంధువులు ఉన్నారు. తెరచాప దించేసి, తెడ్డును అమరం మీద తాడుతో కట్టి, చిన్నప్పుడు గోపాల్‌పూర్ ఒడ్డున మా నాన్న తెడ్డు ఒక్కదానితో తెప్పను అలల మీద తిప్పిన తీరును గుర్తు చేసుకుంటూ ఎలాగో గట్టు చేరాం. ఇంటికి పోకముందే పలక విప్పి చూశాను. వైరు కప్పీ దగ్గరే తెగింది. దాని పోగులు ఒక్కొక్కటే విరిగి చేపముళ్లలా నిక్కపొడుచుకుని ఉన్నాయి. కప్పీ ఇరుసు ఉప్పుతో బిగుసుకుపోయి ఎప్పుడో తిరగడం మానేసింది. వైరు లావుకు తగిన కప్పీ కూడా కాదది, చాలా చిన్నది. చిన్న కప్పీ మీద వైరు ప్రతిసారీ అదే చోట గట్టిగా వంగుతుంది, అక్కడే అలిసి తెగుతుంది.

కొత్త వైరు వేసి ఊరుకోవచ్చు. గొట్టాల్లో నూనె ఒత్తిడితో చుక్కానిని తిప్పే హైడ్రాలిక్ స్టీరింగ్ పెట్టుకోమని సలహా ఇచ్చినవారూ ఉన్నారు. మోటారు పడవకు అది మంచిదే కావచ్చు గానీ, తెరచాప పడవ నడిపేవాడికి చుక్కాని మీద నీళ్ల ఒత్తిడి చేతికి తెలియాలి. గాలి పెరిగి తెరచాప మీద భారం ఎక్కువైతే పడవ ముక్కు గాలి వైపు తిరగబోతుంది. చుక్కానికి నేరుగా బిగించిన కర్ర పిడి అయితే ఆ సంగతిని చేతిని లాగి ముందే చెబుతుంది, తెరచాపను ఎప్పుడు వదులు చేయాలో అప్పుడే తెలుస్తుంది. నూనె గొట్టాల వెనక ఆ కబురు అందదు. అందుకే చక్రం తీయించి, అమరం పలకకు బయట వేలాడే చుక్కానిని, దానికి నాలుగడుగుల టేకు పిడిని పెట్టించాను. మా చిలికాలో చాలా చోట్ల మనిషి మునిగేంత లోతు కూడా లేదు, పైగా రొయ్యల ఘేరీల (రొయ్యలు పెంచేందుకు నీళ్లలో కట్టే దడుల) కర్రలు, వలలు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి కనుక, దేనికైనా తగిలితే వెనక్కి లేచే చుక్కాని రెక్క పెట్టించడం తప్పనిసరి అనుకున్నాను. రెక్కను కిందికి దించి పట్టే తాడుతో పాటు ఒక సన్నని కర్ర సీల ఉంటుంది. గట్టి దెబ్బ తగిలితే ముందు ఆ సీల విరుగుతుంది, చుక్కాని బతుకుతుంది. రెక్క పూర్తిగా కిందికి దిగకుండా కాస్త వెనక్కి తేలినా పిడి రాయిలా బరువెక్కుతుందని కూడా నడుపుతూనే నేర్చుకున్నాను.

అసలు శ్రమంతా కీళ్ల దగ్గరే. చుక్కాని మోసే రెండు కీళ్లు ఒకదానికొకటి వీలైనంత దూరంగా, ఒకే నిలువు గీతలో ఉండాలి. లేకపోతే పిడి ఒకచోట వదులుగా, మరోచోట బిగుసుగా తిరిగి కీళ్లలోని సీలలు ఊరికే అరుగుతాయి. మేము రెండు కీళ్లలోంచి ఒకే తిన్నని కడ్డీ దూర్చి, అది వేలితో తిప్పితే తిరిగేదాకా సరిచూసి, ఆ తర్వాతే అమరం పలకకు కన్నాలు వేశాం. మొదటి కన్నం వేయగానే డ్రిల్లు మొనకు కర్ర పొట్టు రాలేదు, తడిసిన నల్లటి ముద్ద వచ్చింది. పాత బోల్టుల చుట్టూ నీళ్లు దిగి, ఫైబర్ పొరల మధ్యనున్న చెక్క లోలోపలే కుళ్లిపోయింది. ఆ భాగమంతా తీసి కొత్త చెక్క పెట్టించి, ప్రతి కన్నాన్నీ ఎపాక్సీ జిగురుతో నింపి మళ్లీ తొలిపించి, లోపలి వైపు వెడల్పాటి స్టీలు పట్టీలు వేసి బిగించాం. పాత పడవ ఉన్నవారు కొత్త కీళ్లు పెట్టకముందు ఆ పలకను సుత్తితో మెల్లగా కొట్టి చూడాలి. గట్టి చోట ఖంగుమంటుంది, కుళ్లిన చోట చప్పుడు మందంగా వస్తుంది.

స్టీలు విషయంలో నేను మోసపోయాను. మొదటిసారి కీళ్లు చేసిన షాపువారు ఇది తుప్పు పట్టని సరుకేనని, అయస్కాంతం అంటదని చూపించి ఇచ్చారు. ఒక్క వర్షాకాలం గడిచేసరికి సీలల చుట్టూ ఎర్రటి చారలు కారాయి. అయస్కాంతం అంటకపోవడం ఉప్పునీటిని తట్టుకుంటుందనడానికి రుజువు కాదు. మెట్ల రెయిలింగులకు వాడే చవక రకాన్నీ అది అంతగా పట్టదు. ఉప్పునీళ్లకు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కావాలి, అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం కలిసి ఉంటుంది, మామూలు 304 రకంలో అది ఉండదు. ఈ తేడా కంటికి కనిపించదు కనుక బిల్లు మీద రకం రాయించుకోవాలి, మాలిబ్డినాన్ని పట్టిచ్చే చుక్కల మందుతో పరీక్షించమని అడగాలి. కీళ్లలో సీల చుట్టూ తొడిగే బుష్షుల విషయం కూడా ఇలాంటిదే. నైలాన్ నీళ్లు పీల్చి ఉబ్బి సీలను పట్టేస్తుంది, అసిటాల్ అనే ప్లాస్టిక్ అయితే అంతగా ఉబ్బదు.

ఇదంతా తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. రంభ నుంచి గోపాల్‌పూర్ దాకా, అటు సరిహద్దు దాటి ఇచ్ఛాపురం, డొంకూరు దాకా పడవల మీద బతికే తెలుగువారు ఎందరో ఉన్నారు. ఈ విషయాలు వారికి తెలుగులో చెప్పే కాగితం ఒక్కటీ నా కంటపడలేదు. కొన్న సామానుతో వచ్చే పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. మీ పత్రికవారు ఎవరైనా అనుభవమున్న పడవ మేస్త్రీతో చుక్కాని గురించి బొమ్మలతో సహా ఒక వ్యాసం రాయించి ప్రచురించాలని కోరుతున్నాను. అలాగే పడవలను తనిఖీ చేసే అధికారులు లైఫ్ జాకెట్లు లెక్కపెట్టడంతో ఆగకుండా, చక్రం ఉన్న ప్రతి పడవలో పలక విప్పించి వైరును, కప్పీలను చూడాలి. వైరు తెగితే నేరుగా చుక్కానికి తగిలించే అత్యవసరపు పిడి పడవలో ఉందో లేదో అడగాలి, దాన్ని అక్కడికక్కడే బిగించి చూపించమనాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
రంభ, గంజాం జిల్లా, ఒడిశా