వలస వెళ్లే గర్భిణులకు సిఫిలిస్ పరీక్ష చేయండి

సంపాదకులకు నమస్కారం.

కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లే కుటుంబాల్లో గర్భిణులూ ఉంటారు. వారి రక్తపరీక్షలు అక్కడా ఇక్కడా కాకుండా పోతాయి. సిఫిలిస్ లైంగిక సంబంధం ద్వారా సోకే జబ్బు. తల్లికి అది ఉండి చికిత్స అందకపోతే గర్భంలోని మాయ (ప్లాసెంటా) ద్వారా బిడ్డకు సోకుతుంది. కడుపులోనే ప్రాణం పోవచ్చు. పుట్టినప్పుడు ఆరోగ్యంగా కనిపించిన పసికందుకు కూడా కొన్ని వారాలకు కాలేయం, ఎముకలు దెబ్బతినవచ్చు. చూపు, వినికిడి ఏళ్ల తర్వాత పోవచ్చు. ఇంత బాధనూ పెన్సిలిన్ ఆపగలదు, కాన్పుకు కనీసం 4 వారాల ముందే మొదలుపెడితే! భర్తకూ చికిత్స జరగాలి, లేకుంటే ఆమెకు మళ్లీ సోకుతుంది. నిందంతా భార్య మీదే వేయడం ఘోరం. వలస బండి కదిలేలోపే ఊళ్లో పరీక్ష చేసి, ఫలితం కార్డులో రాసి ఆమె చేతికివ్వాలని వైద్యాధికారులను వేడుకుంటున్నాను.

– ఒక విశ్రాంత నర్సు, ఆదోని, కర్నూలు జిల్లా