ఏ పీరియడ్‌లో విన్నది ఆ పీరియడ్‌లోనే వదిలేయకు

తల్లీ,

ఆదివారం ఫోన్లో నువ్వు అడిగింది రెండు నిమిషాల్లో తేలే మాట కాదు, పైగా నీ వెనకాల ఇంకా చాలామంది పిల్లలు ఫోన్ కోసం నిలబడ్డారని సిస్టర్ గారు పిలుస్తున్నారు. అందుకే ఈ రాత్రి కొట్టు కట్టేసి వచ్చి తీరిగ్గా రాస్తున్నాను.

సైన్స్ క్లాసులో ఈ విశ్వం మొదలై దాదాపు 1,380 కోట్ల ఏళ్లయిందన్నారు, సత్యోపదేశంలో, అంటే మన మతబోధ క్లాసులో, సిస్టర్ గారు బైబిలు మొదటి పుస్తకం ఆదికాండం చదివించి దేవుడు ఆరు రోజుల్లో సృష్టి చేశాడన్నారు, ఇంతకీ పరీక్షలో ఏది రాయాలి నాన్నా అన్నావు. సైన్స్ పేపర్లో 1,380 కోట్లని రాయి. సత్యోపదేశం పేపర్లో దేవుడే సృష్టికర్త అని రాయి. మార్కుల కోసం అక్కడో మాట ఇక్కడో మాట చెప్పమని అనడం లేదమ్మా, రెండూ నిజమనే నేను నమ్ముతున్నాను, మన శ్రీసభ, అంటే మన కథోలిక సంఘం కూడా ఈ రెండిటికీ గొడవ ఉందని అనదు.

విశ్వం వ్యాకోచిస్తోందని, అంటే అంతా ఒకదానికొకటి దూరంగా జరుగుతోందని 1927లోనే లెక్కగట్టి రాసినాయన ఎవరో తెలుసా? జార్జ్ లెమైత్ర్ అని బెల్జియం దేశంలో ఒక ఫాదర్ గారు. రోజూ పూజ చేసేవారు, యూనివర్సిటీలో పాఠాలూ చెప్పేవారు. 1931లో ఇంకో అడుగు ముందుకేసి, ఇదంతా మొదట్లో ఒకే ఒక్క అణువు లాంటి దానినుంచి వచ్చి ఉంటుందన్నారు, ఇప్పుడు మీ సార్ బిగ్ బ్యాంగ్ అంటున్నది దాని కొనసాగింపే. నాకు ఆయనలో బాగా నచ్చింది వేరే ఉంది. 1951లో పన్నెండవ పియస్ పోప్ గారు ఈ సిద్ధాంతం సృష్టి గురించి మన విశ్వాసం చెప్పేదానికి బలం ఇస్తోందన్నట్టు మాట్లాడితే, మన మతానికి మేలే కదా అని ఊరుకోకుండా లెమైత్ర్ గారు ఇబ్బంది పడ్డారు. సైన్స్ సంగతి సైన్స్ పద్ధతిలోనే తేలాలి, దాన్ని తెచ్చి విశ్వాసానికి సాక్ష్యంగా నిలబెట్టకూడదని ఆయన పట్టు. దేవుణ్ణి అంతగా నమ్మిన మనిషికే అలాంటి నిజాయితీ ఉంటుందనుకుంటాను.

ఇక ఆరు రోజుల సంగతి. ఆదికాండం మొదటి అధ్యాయం మళ్లీ నెమ్మదిగా చదువు, సూర్యుడు ఎన్నో రోజున వచ్చాడో చూడు. నాలుగో రోజున. మరి సూర్యుడే లేనప్పుడు మొదటి మూడు రోజులూ ఎలా పొద్దుపొడిచాయి, ఎలా పొద్దుగూకాయి? ఈ ప్రశ్న నీకంటే ముందు, 1,600 ఏళ్ల కిందటే మన మతపండితుడు పునీత అగస్తీను గారికి వచ్చింది, ఆ రోజులు మన 24 గంటల రోజులే అయి ఉండాలని లేదని ఆయన రాశారు. ఎవరు చేశారు, ఎందుకు చేశారు, అది మంచిదా కాదా అన్నది ఆదికాండం చెబుతుంది. ఎప్పుడు, ఎలా అన్నది మీ సైన్స్ సార్ చెబుతారు. ఇది సిస్టర్ గారిని కూడా అడుగు, భయపడకు, అడిగితే కోప్పడే మనిషిలా నాకు కనిపించలేదు.

నీకు నేను చెప్పదల్చుకున్నది ఇదేనమ్మా. గంట కొట్టగానే పుస్తకం మూసినట్టు బుర్ర కూడా మూసేయకు. మీ బడి లాంటి చోట నీకు దొరికే గొప్ప వసతి అదే, ఒక పీరియడ్‌లో విన్నదాన్ని ఇంకో పీరియడ్‌లోకి పట్టుకెళ్లి అడగొచ్చు.

లెక్కలంటే టెన్షన్ అంటున్నావు కదా, దశాంశాలు, భాగహారాలు ఎందుకూ పనికిరావంటున్నావు. సరే, ఈ ఏడు, అంటే 2026లో, ఈస్టర్ ఏప్రిల్ 5న ఎందుకొచ్చింది, పోయినేడు ఏప్రిల్ 20న ఎందుకొచ్చింది? మార్చి 21న (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుగా శ్రీసభ లెక్కలో పెట్టుకున్న తేదీ) గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటాక, మొదటి ఆదివారం ఈస్టర్. ఈ ఏడు పౌర్ణమి ఏప్రిల్ 2, గురువారం. ఆ వెంటనే వచ్చిన ఆదివారం 5. మన పక్కింటి మామ్మ గారి పంచాంగంలో చైత్ర పౌర్ణమి కూడా ఆ రోజే ఉంది, చూశాను. (శ్రీసభకు సొంత పట్టికలున్నాయి, అందుకని ఒక్కోసారి ఆకాశంలో పౌర్ణమికీ దానికీ ఒక రోజు తేడా వస్తుంది, అది వేరే సంగతి.)

ఇప్పుడు కాగితం తీసి నాతోపాటు లెక్క చెయ్యి. పాత క్యాలెండర్లో ఏడాదికి 365.25 రోజులు. అసలు ఏడాది అంతకంటే సుమారు 11 నిమిషాల 14 సెకన్లు తక్కువ. అంటే 674 సెకన్లు. రోజుకి 86,400 సెకన్లు, దాన్ని 674తో భాగించు, 128 వస్తుంది. అంటే 128 ఏళ్లకోసారి క్యాలెండరు ఒక రోజు పక్కకి జరిగిపోతుంది. ఈస్టర్ లెక్కకి 325లో నిసియా అనే ఊళ్లో జరిగిన బిషప్పుల మహాసభ కాలాన్ని ఆధారంగా పెట్టుకున్నారు, దిద్దుబాటు జరిగింది 1582లో. మధ్యలో 1,257 ఏళ్లు. 128తో భాగించు. 9.8, ఇంచుమించు పది రోజులు! అందుకే పదమూడవ గ్రెగరీ పోప్ గారి కాలంలో, క్లావియస్ అనే జెస్యూట్ (యేసు సభ) ఫాదర్ గారూ ఇంకొందరు పండితులూ కూర్చుని సరిచేశాక, 1582లో అక్టోబరు 4 గురువారం మర్నాడు అక్టోబరు 15 శుక్రవారం అయింది. పది రోజులు తీసేశారు. మళ్లీ తప్పిపోకుండా వందేళ్లకి వచ్చే సంవత్సరాల్లో 400తో నిశ్శేషంగా భాగించబడేదే లీపు సంవత్సరం అన్నారు, అందుకే 2000 లీపు, 1900 కాదు, 2100 కాబోదు. నువ్వు విసుక్కుంటున్న భాగహారమే, తల్లీ. మీ హాస్టల్ గోడకున్న క్యాలెండరు దానిమీదే నడుస్తోంది.

సోషల్ గురించి ఒక మాట. మీరు సత్యోపదేశానికి వెళ్లినప్పుడు హిందూ పిల్లలు పక్క గదిలో మోరల్ సైన్స్ చదువుతారని, వాళ్లని ఎందుకు కూర్చోబెట్టరని అడిగావు. మన రాజ్యాంగం 30వ అధికరణం అల్పసంఖ్యాకులకి సొంత బడులు పెట్టి నడుపుకునే హక్కు ఇచ్చింది, అందుకే మీ బడి ఉంది. అదే రాజ్యాంగం 28వ అధికరణంలో, ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో పిల్లల పెద్దవాళ్లు ఒప్పుకోకుండా మతబోధకి కూర్చోమని బలవంతం చేయకూడదంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు, ఒకటి నీ కోసం, రెండోది నీ స్నేహితుల కోసం. వాళ్ల దగ్గర నీది గొప్ప అన్నట్టు ఎప్పుడూ మాట్లాడకు. ఇతర మతాల్లో ఉన్న సత్యాన్ని, పవిత్రతని శ్రీసభ తోసిపుచ్చదని 1965లో వాటికన్ మహాసభే చెప్పింది.

భాషల దగ్గర మాత్రం కాస్త ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకు. మీ టైంటేబుల్లో ఇంగ్లీషు ఉంది, ఒడియా ఉంది, హిందీ ఉంది, తెలుగు లేదు. అది నాకు బాధే. కానీ ఉన్నవాటిని చిన్నచూపు చూడకు. హిందీ మనకెందుకన్నావు చూడు, కామిల్ బుల్కే అని బెల్జియం నుంచి 1935లో మన దేశానికి వచ్చిన ఫాదర్ గారు ఒకరు, హిందీ మీద ప్రేమతో నేర్చుకుని, రామకథ ఎక్కడ పుట్టి ఎలా పెరిగిందన్న దానిమీద అలహాబాదు యూనివర్సిటీలో హిందీలోనే పరిశోధన రాశారు, తర్వాత రాంచీలో ఉండి ఇంగ్లీషు-హిందీ నిఘంటువు తయారుచేశారు, 1974లో పద్మభూషణ్ కూడా వచ్చింది. అంత దూరం నుంచి వచ్చినాయన రామకథ మీద అంత పని చేశారంటే, పక్కవాడి భాష నేర్చుకోవడం వాడిని గౌరవించడమేనని ఆయన నమ్మినట్టే కదా.

మన పర్లాకిమిడిలో అదే పని చేసినాయన గిడుగు రామమూర్తి పంతులు గారు. మనం వాడుక భాషలో రాసుకుంటున్నామంటే, ఇప్పుడు నేను నీకిలా రాస్తున్నానంటే, ఆయన చేసిన పోరాటం ఉంది దాని వెనక. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపేది ఆయన పుట్టినరోజునే. కానీ ఇక్కడ బడిలో పాఠాలు చెబుతూనే ఆయన కొండమీది గిరిజనులైన సవరల భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకి వాళ్ల మాటల్లోనే పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు, 1931లో ఆ భాషకి వ్యాకరణం అచ్చయింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మన ఊరు ఇటు వచ్చింది. అదే ఏడాది సవరలకి సొంత లిపి కూడా వచ్చింది, మంగై గొమాంగో గారు తయారుచేశారు, సొరంగ్ సొంపెంగ్ అంటారు.

నీ పక్క మంచం పిల్ల సవర పిల్లే కదా. ఒడియాలో తడబడుతుందని క్లాసులో నవ్వుతారని చెప్పావు. నువ్వు నవ్వకు. మంచినీళ్లకి, అన్నానికి, అమ్మకి వాళ్లేమంటారో అడిగి తెలుగు లిపిలో ఒక నోటుబుక్కులో రాసుకో. ఆ పిల్ల నీకు టీచరైన రోజున ఎలా మాట్లాడుతుందో చూడు, తడబాటేమీ ఉండదు.

జాగ్రఫీలో కొండచరియలు విరగడం గురించి వచ్చినప్పుడు 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను గురించి అడుగు. నువ్వప్పుడు నాలుగేళ్లదానివి, గుర్తుండదు. మన జిల్లా కొండల్లో మట్టి జారి మనుషులు పోయారు. చెట్ల వేర్లు మట్టిని ఎలా పట్టుకుంటాయన్నది సైన్స్ పాఠం, కొండవాలు ఎంత ఉంటే జారుతుందన్నది జాగ్రఫీ, అక్కడ ఇళ్లు కట్టుకుని ఉన్నవాళ్లు ఎప్పుడూ పేదవాళ్లే ఎందుకవుతారన్నది మోరల్ సైన్స్. 2015లో ఫ్రాన్సిస్ పోప్ గారు రాసిన లేఖలో భూమి మొరా పేదల మొరా కలిపే వినాలన్నారు. మీ లైబ్రరీలో ఉంటే సిస్టర్ గారిని చూపించమను, అంతా అర్థం కాకపోయినా ఫర్వాలేదు.

డ్రాయింగు, పీటీ మానకు, ముఖ్యంగా పీటీ.

సత్యోపదేశంలో నీకు 96 వచ్చాయని అమ్మ అందరికీ చెప్పుకుంటోంది. సంతోషమే. కానీ మంచి సమరయుని కథ, అదే దెబ్బలు తిని దారిలో పడి ఉన్న పరాయివాణ్ణి ఆదుకున్నాయన కథ, నువ్వు తప్పు లేకుండా రాసినందుకు ఇచ్చిన మార్కులవి. జ్వరం వచ్చిన పిల్లకి హాస్టల్లో గంజి తెచ్చిపెట్టావని వార్డెన్ గారు ఫోన్లో చెప్పారు చూడు, ఆ రోజు నాకు కలిగిన సంతోషం వేరు.

దసరా సెలవులు ఎప్పటినుంచో కనుక్కుని చెప్పు, తమ్ముణ్ణి తీసుకుని నేనే బరంపురం వస్తాను, టిక్కెట్లు ముందే తీయాలి. అమ్మ జంతికలు చేసి పంపుతోంది, అందరికీ పెట్టు. జవాబు మాత్రం తెలుగులోనే రాయి, తప్పులున్నా సరే, వాట్సాప్‌లో వాయిస్ పెడితే ఒప్పుకోను. ఆ 674తో చేసిన భాగహారం కూడా అందులోనే వేసి పంపు.

ఉంటాను,
నాన్న